అలారం మోగితే లేచేదెవరు?

(భీమవరంలో చిన్న, మధ్యతరహా పరిశ్రమల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న మిల్లర్లకు, రొయ్యల ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు నడుపుతున్న వారికి, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన రిఫ్రాక్టరీ (కొలిమి వేడిని తట్టుకునే ఇటుకలు చేసే) యూనిట్ల వారికి నమస్కారం.

మీలో చాలామంది దగ్గరికి ఈపాటికి ఏదో ఒక కంపెనీ వాళ్లు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి చూపించే ఉంటారు. రంగురంగుల డ్యాష్‌బోర్డు, మిషన్ల బొమ్మలు, పచ్చ లైట్లు, ఎర్ర లైట్లు. ఇవి పెట్టుకుంటే మీ ఫ్యాక్టరీ స్మార్ట్ అయిపోతుందని చెప్పి ఉంటారు. ఆ టెక్నాలజీ నిజంగానే పనిచేస్తుంది. ఒకప్పుడు పెద్ద కంపెనీలకే అందిన సెన్సార్లు ఇప్పుడు చిన్న యూనిట్‌కి కూడా అందే ధరలో ఉన్నాయి. అయినా పెట్టిన ఏడాదికే ఆ స్క్రీన్ మూలనపడిన ఫ్యాక్టరీలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఎందుకలా జరుగుతోంది, జరగకుండా ప్లాను ఎలా వేసుకోవాలి అన్నదే ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది.

నేను చెప్పేది ఒక్కటే. ఏ అంకె తెలుసుకోవడానికి డబ్బు పెడుతున్నారో, ఆ అంకె మారినప్పుడు ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేయాలో ముందు రాసుకోండి. రాయలేకపోతే ఆ సెన్సార్ ఇప్పుడు కొనకండి.

గోదావరి జిల్లాల వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంక గ్రామాల్లో బడి మొహం చూడని పెద్దవాళ్లకు కూడా రెండో నంబరు అన్న మాట వినగానే పశువులను ఎటు తోలాలో, ధాన్యం బస్తాలు ఎక్కడికి ఎక్కించాలో తెలుసు. నీళ్లు కొలిచే స్కేలుకు పెద్ద ఖరీదేమీ ఉండదు. అంకె పక్కన చేయాల్సిన పని ముందే తేలిపోయి ఉంది కాబట్టి దానికి అంత విలువ. మీ ఫ్యాక్టరీలో పెట్టబోయే ప్రతి కొలతకూ అలాంటి గీతలు మీరే గీసుకోవాలి.

ఒక రొయ్యల ప్లాంటులో కోల్డ్ స్టోర్ సంగతి చెబుతాను. తలుపు పక్కన మేకుకు ఒక రిజిస్టరు వేలాడుతోంది. గంటకోసారి లోపలి టెంపరేచర్ అందులో రాయాలి. తెల్లవారుజామున 2, 3, 4, 5 గంటల గడులు చూశాను. నాలుగింటిలోనూ ఒకే ఇంకు, ఒకే వాలు, ఒకే అంకె: ఉండాల్సిన మైనస్ 18. ఆ రాత్రి అక్కడ గంటకు పైగా కరెంటు లేదు. జనరేటర్ అందుకోవడం కూడా ఆలస్యమైంది. ఆ సంగతి రిజిస్టరులో ఎక్కడా లేదు. రాసిన కుర్రాడిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మైనస్ 15 అని రాస్తే ఆ రాత్రివేళ సాయానికి వచ్చేవాళ్లెవరూ ఉండరు, పొద్దున్నే సంజాయిషీ అడిగేవాళ్లు మాత్రం ఉంటారు. ఆ సంగతి తెలిసిన మనిషి మైనస్ 18 రాస్తాడు.

అక్కడ టెంపరేచర్‌ను తనంతట తానే నమోదు చేసే డేటా లాగర్ పెట్టారనుకోండి. అది నిజం రాస్తుంది. టెంపరేచర్ పెరిగితే ఫోన్‌కి మెసేజ్ కూడా పంపుతుంది. ఎవరి ఫోన్‌కి? యజమాని ఫోన్‌కే వెళ్లేలా పెడతారు. ఆయన నిద్రలో ఉంటారు, లేదా హైదరాబాద్‌లో పెళ్లిలో ఉంటారు. వారం రోజులు అలారాలు వచ్చాక ఆ మెసేజ్‌లను మ్యూట్‌లో పెడతారు. అప్పటితో ఆ పెట్టుబడి వృథా.

అదే పని ప్లాను ప్రకారం చేస్తే ఇలా ఉంటుంది. టెంపరేచర్ మైనస్ 17 కన్నా పెరిగి పది నిమిషాలుంటే షిఫ్ట్ ఆపరేటర్ వెళ్లి తలుపు సరిగ్గా పడిందా, కర్టెన్ ఊడిందా చూడాలి. మైనస్ 16 దాటితే కంప్రెసర్ దగ్గరుండే మనిషి కాయిల్స్‌కి మంచు పట్టిందేమో, అమోనియా ప్రెషర్ ఎలా ఉందో చూడాలి. మైనస్ 15కి వస్తే లోడింగ్ ఆపేయాలి, మేనేజర్‌ను లేపాలి. ఆ రాత్రి లోడింగ్ ఆపే అధికారం షిఫ్ట్ ఆపరేటర్‌కి ఉందని యజమాని సంతకంతో గోడ మీద కాగితం ఉండాలి. అంకెలు మీ సరుకును బట్టి, మీ స్టోరును బట్టి మారతాయి. కాగితం మాత్రం ఉండి తీరాలి. ఇందులో ఖర్చు పెట్టి కొన్నది లాగర్ ఒక్కటే. దాన్ని పనికొచ్చేలా చేసింది ఆ కాగితం.

రొయ్యల విషయంలో ఇంకో ఒత్తిడి కూడా ఉంది. 2018 డిసెంబరు 31 నుంచి అమెరికా తన దిగుమతుల నిఘా కార్యక్రమంలో రొయ్యను చేర్చింది. సరుకు ఎక్కడ పెంచారో, ఎప్పుడు పట్టారో దిగుమతిదారు రికార్డు చూపించాలి. అందుకని ట్రేసబిలిటీ సాఫ్ట్‌వేర్, అంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో జాడ చూపేది, కొనమని సలహాలు వస్తాయి. కొనే ముందు ఒక రోజంతా మీ ప్లాంటులో ఒక క్రేటు వెంట నడవండి. చెరువు గట్టు దగ్గర పట్టుబడి నుంచి ఐస్, లారీ, రిసీవింగ్, కడగడం, తలతీత, గ్రేడింగ్ దాకా. రెండు చెరువుల సరుకు ఏ బల్ల మీద కలిసిపోతోందో అక్కడ ఏది ఏ చెరువు లాటో ఆ పేరు చెరిగిపోతుంది. ఆ బల్ల దగ్గర పద్ధతి మార్చకుండా ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా, అది ఊహించి రాసిన చెరువు పేరునే చక్కగా ప్రింటు తీసి ఇస్తుంది.

ఇక మిల్లులు. తాడేపల్లిగూడెం, మండపేట వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఒక లెక్క వేద్దాం. గంటకు 4 టన్నుల ధాన్యం ఆడే మిల్లు, రోజుకు 10 గంటలు నడిస్తే 40 టన్నులు. 67 శాతం చొప్పున 26.8 టన్నుల బియ్యం. అందులో ఒక్క శాతం గింజ అదనంగా విరిగి నూకైతే 268 కిలోలు. బియ్యానికీ నూకకీ కిలోకు 15 రూపాయల తేడా ఉందనుకుంటే రోజుకు 4,020 రూపాయలు. ఏడాదికి 200 రోజులు ఆడితే 8 లక్షల పైమాట. ధరలు మీ మార్కెట్‌వి వేసుకోండి, లెక్క పద్ధతి ఇదే. మీ మిల్లులో నూక ఎంత శాతం అని అడిగితే చాలామంది నోటికి ఒక అంకె చెబుతారు. సార్వా (ఖరీఫ్) ధాన్యానికి ఎంత, దాళ్వా (రబీ) ధాన్యానికి ఎంత అని విడిగా అడిగితే జవాబు రాదు. ఎండాకాలం కోతకొచ్చే దాళ్వా గింజ వేడికి లోపల పగుళ్లు తీసి ఉంటుంది, పచ్చిగా ఆడితే ఎక్కువ విరుగుతుంది. అందుకే కదా మన దగ్గర దాళ్వా ధాన్యం చాలావరకు బాయిల్డ్‌కి, అంటే ఉప్పుడు బియ్యానికి వెళ్తోంది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం గింజ వేరు, కేరళకు వెళ్లే బొండాల రకం గింజ వేరు. రెండింటికీ పొట్టు తీసే షెల్లర్‌లో రబ్బర్ రోల్స్ ఒకే బిగువున ఉంటే ఎలా?

గింజ ఎక్కడ విరుగుతోంది అన్నది అసలు ప్రశ్న. ఆరబెట్టేటప్పుడే పగిలిందా, షెల్లర్‌లో విరిగిందా, పాలిషర్‌లో వేడెక్కి విరిగిందా? దీనికి ఏఐ అవసరం లేదు. షెల్లర్ తర్వాత గుప్పెడు, ప్రతి పాలిషర్ తర్వాత గుప్పెడు శాంపిల్ తీయండి. చిన్న కాటా, జల్లెడ, ఒక నోటు పుస్తకం చాలు. దాంతోపాటు ధాన్యం తేమ ఎంతో రాయండి. ఒక సీజన్ పాటు రోజుకు మూడుసార్లు ఇలా రాస్తే మీ నూక ఏ మిషన్ దగ్గర పుడుతోందో మీకే కనబడుతుంది. అక్కడ పెట్టండి మీ మొదటి సెన్సార్. సార్టెక్స్ మిషన్ కొత్త మోడల్‌కి మార్చాలని తొందరపడేవాళ్లకు ఒక మాట. అది రంగు మారిన గింజను, రాయిని ఏరుతుంది. విరిగిన గింజను అతికించదు. మీ నష్టం పాలిషర్ దగ్గర ఉంటే డబ్బు అక్కడికే వెళ్లాలి.

ప్యానెల్ బోర్డు మీద మోటారు లాగే కరెంటును చూపే యాంమీటర్ ఉంటుంది. చాలా మిల్లుల్లో దాని అద్దం మీద తవుడు దుమ్ము పేరుకుపోయి ముల్లు కనబడదు. వేలితో తుడిచి చూస్తే ఆ ముల్లు మిషన్ మీద ఎంత లోడ్ ఉందో చెబుతూనే ఉంటుంది. మిషన్లు నడిపే మంచి మిల్లు డ్రైవర్లు శబ్దాన్ని బట్టే లోడ్ చెప్పేస్తారు, ముల్లుతో పనిలేదు. అలాంటి మనిషి మానేసిన రోజున ఆ జ్ఞానమంతా ఆయన వెంటే వెళ్లిపోతుంది. మోటారు వైరుకు తొడిగే చిన్న కరెంట్ సెన్సార్‌తో ఆ లోడ్‌ను రికార్డు చేయవచ్చు. భోజనాల వేళ ధాన్యం పైకి మోసే ఎలివేటర్లు ఎంతసేపు ఖాళీగా తిరిగాయో, రోల్స్ అరిగిపోయిన వారంలో లోడ్ ఎలా మారిందో తెలుస్తుంది. డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ గ్రాఫ్ చదివించండి. ఇక్కడ ఏం జరిగింది అని అడగండి. మీరు నియమించుకునే ఏ కన్సల్టెంట్ కన్నా ఎక్కువ చెబుతాడు.

ఏ యూనిట్ అయినా నేను ముందుగా అడిగేది 12 నెలల కరెంటు బిల్లులు. మాక్సిమమ్ డిమాండ్ (ఆ నెలలో ఒక్కసారిగా లాగిన గరిష్ఠ లోడ్) ఏ నెలలో పెరిగింది, కాంట్రాక్ట్ డిమాండ్ (ఒప్పందంలో రాసుకున్న లోడ్) దాటి పెనాల్టీ ఎప్పుడు పడింది అన్నవి చూస్తే సగం కథ తెలుస్తుంది. ఐస్ ఫ్యాక్టరీల వాళ్లకు ఇది మరీ ముఖ్యం, వాళ్ల ఖర్చులో కరెంటుదే పెద్ద వాటా. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చిన్న పరిశ్రమల కోసం దేశంలో ఒకే రకం యూనిట్లు గుంపుగా ఉన్న కొన్ని క్లస్టర్లను ఎంచుకున్నప్పుడు, భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు, ఉభయ గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీలు ఆ జాబితాలో ఉన్నాయి. ఎక్కడ ఎంత శక్తి పోతోంది, ఏం మారిస్తే ఎంత మిగులుతుంది అని రిపోర్టులు రాశారు. మన గురించి మన దగ్గరికే వచ్చి రాసిన ఆ రిపోర్టులను తెప్పించుకుని చదవండి.

స్మార్ట్ అవడానికి ఫ్యాక్టరీ సంసిద్ధతను అంచనా వేసే పద్ధతులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. సింగపూర్ ప్రభుత్వం 2017లో తెచ్చిన సూచిక 16 అంశాల్లో ఫ్యాక్టరీ ఎక్కడుందో చూస్తుంది. అందులో మిషన్లతో పాటు ఉద్యోగుల శిక్షణ, యాజమాన్యం తీరు కూడా ఉన్నాయి, అది నాకు నచ్చిన విషయం. అదే ఏడాది జర్మనీ వాళ్లు ఇచ్చిన పద్ధతిలో ఆరు మెట్లు: కంప్యూటర్ వాడకం, మిషన్లను కలపడం, జరుగుతున్నది కనబడటం, ఎందుకు జరుగుతోందో అర్థం కావడం, జరగబోయేది ముందే తెలియడం, దానికి తగ్గట్టు వ్యవస్థ తనంతట తాను సర్దుకోవడం. మన యూనిట్లలో చాలావాటికి మూడో మెట్టు చేరడమే పెద్ద లాభం. నాలుగోది చేరితే ఇంకా మంచిది. అయిదో మెట్టు సరుకును మూడో మెట్టు కూడా ఎక్కని ఫ్యాక్టరీకి అమ్మజూపితే వద్దని చెప్పండి.

కాంట్రాక్టు విషయంలో గట్టిగా ఉండండి. పీఎల్‌సీ (మిషన్లను నడిపించే చిన్న కంప్యూటర్) పాస్‌వర్డ్, ప్రోగ్రామ్ బ్యాకప్ మీ చేతికి వచ్చేదాకా చివరి వాయిదా చెల్లించకండి. పాస్‌వర్డ్ తీసుకోకపోతే చిన్న టైమర్ మార్చాలన్నా ఆ ఇంజినీర్ కోసం సీజన్ మధ్యలో ఎదురుచూడాలి. మీ డేటా మీదేనని, అడిగితే మామూలు ఫైలుగా ఇవ్వాలని రాయించండి. డబ్బులో కొంత భాగం ఒక పూర్తి సీజన్ నడిచాకే ఇస్తామనండి. సెన్సార్లు తవుడు దుమ్ముకి, క్లోరిన్ నీళ్లకి, మన ఉప్పుగాలికి ఎన్నాళ్లు తట్టుకుంటాయో అడగండి. రేకుల గోడౌన్‌లో సిగ్నల్ అందుతుందో లేదో వాళ్లచేతే పరీక్ష చేయించండి. పిడుగుల సంగతి మీకు తెలిసిందే, ఎర్తింగ్ సరిచేయించకుండా ఏమీ పెట్టకండి.

ఇప్పుడు చెప్పేది యజమానులకు కొంత కష్టంగా ఉండొచ్చు. రొయ్యల ప్లాంట్లలో కిలోల లెక్కన వలిచే ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల బల్ల దగ్గర డిజిటల్ కాటా పెడితే ఎవరు ఎంత వలిచారో కంప్యూటర్‌లోకి వెళ్తుంది. ఆ అంకెను ముందుగా వాళ్లకే కనబడనివ్వండి. తూకం వాళ్ల కళ్ల ముందే పడాలి, చీటీ వాళ్ల చేతికే రావాలి. సాయంత్రం కూలి లెక్కలో గొడవ ఉండదు, వాళ్లకు నమ్మకం కుదురుతుంది. కొత్త సిస్టమ్ పెట్టిన మొదటి నెలలోనే దాన్ని చూపించి కూలి కోస్తే, రెండో నెల నుంచి అందులోకి వచ్చే అంకెలు నిజమైనవి కావు. కోల్డ్ స్టోర్ రిజిస్టరులో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. భయపడే మనిషి దగ్గర్నుంచి నిజమైన డేటా రాదు, సెన్సార్‌ను కూడా ఏమార్చే మార్గాలు ఫ్లోర్‌లో ఉన్నవాళ్లకు తెలుసు.

సాయం ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. వృథాను తగ్గించే లీన్ పద్ధతి కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన ఎంఎస్‌ఎంఈ లీన్ స్కీములో కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరించేలా పెట్టారు. లోపాలు లేని ఉత్పత్తికి ఇచ్చే జెడ్ సర్టిఫికేషన్ ఖర్చులో సూక్ష్మ యూనిట్లకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహాకు 50 శాతం సబ్సిడీ పెట్టారు. ముందు లీన్ పని చేయించుకుని, ఫ్లోర్ సర్దుకున్నాక సెన్సార్ల దగ్గరికి రావడం నా దృష్టిలో మంచి వరస. చిందరవందరగా ఉన్న పనికి సాఫ్ట్‌వేర్ తొడిగితే ఆ గందరగోళం ఇంకా వేగంగా నడుస్తుంది. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, భీమవరంలోనే ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఫైనలియర్ పిల్లలను ఒక సీజన్ మీ ఫ్లోర్ మీద నిలబెట్టండి, శాంపిళ్లు తీయించండి. వాళ్లకు ప్రాజెక్టు, మీకు లెక్క.

సార్వా కోతలు మొదలయ్యేలోపు మీరు ఒక పేజీ ప్లాను రాయగలిగితే చాలు. ఏ నష్టాన్ని తగ్గించాలనుకుంటున్నాం, ఇప్పుడది ఎంత ఉంది, ఏ అంకె దాన్ని చూపిస్తుంది, గీత దాటితే ఎవరు ఏం చేస్తారు, సీజన్ చివర్లో ఎంత తగ్గితే పెట్టుబడి గిట్టుబాటైనట్టు. ఒక మిషన్‌కి, ఒక నష్టానికి మాత్రమే. భోజనాల తర్వాత పక్క గదిలో నేను, నాతో వచ్చిన ఇంజినీర్లు ఉంటాం. ఆ పేజీ కలిసి రాద్దాం. కరెంటు బిల్లులు తెచ్చినవాళ్లు ముందు రండి. మీతో మిల్లు డ్రైవర్ గానీ, రిఫ్రిజిరేషన్ ఆపరేటర్ గానీ వచ్చి ఉంటే ఆయనను బయట కారు దగ్గర ఉంచకండి, లోపలికి తీసుకురండి. రాయాల్సిన వాటిలో సగం ఆయనకే తెలుసు.