వంకర ఫోటోలను దిద్దకండి
(వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక ఇంటి దగ్గర చదువు కొత్తగా వచ్చిందని చాలామంది అనుకున్నారు. ఇక్కడున్న తల్లులకు అది కొత్త కాదు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతోనే వచ్చింది. లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చే టీచరమ్మ కూడా రాలేకపోయింది, భవిత కేంద్రానికి తాళం పడింది, ఫిజియోథెరపీ ఆగింది. మిగిలినవి టీవీ, ఫోను.

తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. మంచిదే. కానీ టీవీ చెబుతుందే గానీ వినదు. ఇక ఫోన్ కెమెరాతో మనం చేయించిన పని ఒక్కటే: హోంవర్క్ పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టించడం. ఇంటి చదువు పిల్లల్లో చాలామందికి ఇవాళ్టికీ అదే ఫోను, అదే గ్రూపు.

ఆ కెమెరాను నోట్‌బుక్ మీద నుంచి పక్కకు తిప్పి, పిల్లల్నే వాళ్లకు నచ్చిన ఫోటోలు తీయనివ్వండి. వచ్చిన ఫోటోను మాత్రం దిద్దకండి. వంకరగా ఉంది, తల తెగింది, వెలుతురు లేదు... టీచర్లం కదా, నోరు ఊరుకోదు. మంచం దిగలేని పిల్లాడు ఫోటోలు తీస్తే ఫ్యాను వస్తుంది, పైకప్పు వస్తుంది, వంగి మాట్లాడే వాళ్ల గడ్డం వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న పిల్ల తీస్తే గడపలు, పెద్దవాళ్ల మోచేతులు వస్తాయి. వాళ్లున్న చోటి నుంచి ఇల్లు అలాగే ఉంటుంది. ఫోటోలన్నీ చీకటిగా ఉన్నాయా? ఫ్లాష్ గురించి చెప్పేముందు కనుక్కోండి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతోందేమో.

1990ల్లో చైనాలోని యునాన్‌లో కరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ పల్లెటూరి ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి, వాళ్ల బతుకును వాళ్లనే ఫోటోలు తీయమన్నారు. ఆ పద్ధతికి ఫోటోవాయిస్ అని పేరు. అందులో ఫోటో తీయడం సగమే, దాని గురించి తీసినవాళ్లే చెప్పడం మిగతా సగం. మనకు వాయిస్ మెసేజ్ ఉంది. వినపడని పిల్లలు సైగలతో చిన్న వీడియో పంపొచ్చు.

చూపు లేని పిల్లలకు ఫోటోలేమిటని అడుగుతుంటారు. స్లొవేనియాలో పుట్టిన ఎవ్‌గెన్ బావ్‌చర్‌కు చిన్నతనంలోనే రెండు కళ్లూ పోయాయి, ఆయన పేరున్న ఫోటోగ్రాఫర్. ముంబయిలో పార్థో భౌమిక్ 2006 నుంచి చూపు లేనివాళ్లకు ఫోటోగ్రఫీ నేర్పుతూ వచ్చారు. గొంతు ఎటు నుంచి వినిపిస్తోంది, ఎండ ఏ చెంప మీద పడుతోంది, చేయి చాస్తే ఎంత దూరంలో తగులుతోంది, వీటితో ఫోటో తీయొచ్చు. ఐఫోన్‌లో స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ పెడితే ఫ్రేములో ఎన్ని ముఖాలున్నాయో అదే చెబుతుంది. మన పిల్లలకు ఐఫోన్లెక్కడివి అంటారా, నిజమే. తీశాక ఫోటోలో ఏం పడిందో అమ్మో అక్కో ఓపిగ్గా చెబితే చాలు.

చేయి వణికే పిల్లలుంటే ఫోన్‌ను ఇటుకకు ఆనించి టైమర్ పెట్టండి. చాలా ఫోన్లలో వాల్యూమ్ బటన్ నొక్కినా ఫోటో పడుతుంది. అదీ కష్టమైతే వీడియో తీయనిచ్చి, తర్వాత దాన్ని ఎక్కడ ఆపాలో వాళ్లనే చెప్పమనండి. అక్కడ మీరు స్క్రీన్‌షాట్ తీయండి. ఎంచుకున్నది వాళ్లు, కాబట్టి ఆ ఫోటో వాళ్లదే.

ఇంకోటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. గ్రూపులోనైనా ఫేస్‌బుక్‌లోనైనా పెట్టేముందు తీసినవాళ్లను అడగాలి. "పాపం, ఎంత బాగా తీశాడో చూడండి" అని రాస్తే లైకులొస్తాయి, మనకు. వాళ్లు వద్దంటే పెట్టకండి. ఎందుకని కూడా అడగకండి.

భోజనాలయ్యాక అందరం ఈ హాల్లోనే నేల మీద కూర్చుని, లేవకుండా తలా ఒక ఫోటో తీద్దాం. గుమ్మం దగ్గరి మెట్లు ఎవరి ఫోటోలోనైనా పడితే నాకివ్వండి, నిర్వాహకులకు చూపించాలి. ఈ హాలుకు ర్యాంపు లేదు.