ఇండియాలో ఐదు నెలలు ఉండొస్తే కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ పెనాల్టీ పడుతుందా?

నమస్తే అండి. కాలిఫోర్నియాలో ఉద్యోగం మానేసి, కొత్తది వెతుక్కునేలోపు నాలుగైదు నెలలు అమ్మానాన్నల దగ్గర ఉండొద్దామని ఇండియా వెళ్లే మనవాళ్లు చాలామందే ఉన్నారు. "దేశంలోనే లేనప్పుడు ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ ఎందుకు?" అని వదిలేస్తారు. తర్వాత ట్యాక్స్ రిటర్న్‌లో పెనాల్టీ చూసి టెన్షన్ పడతారు.

ఆ పెనాల్టీ ఎప్పుడో తీసేశారు కదా అంటారా? ఫెడరల్ పెనాల్టీ 2019 నుంచి సున్నా, నిజమే. కానీ కాలిఫోర్నియా 2020 నుంచి సొంతంగా పెట్టుకుంది. న్యూజెర్సీ, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, వాషింగ్టన్ డీసీల్లోనూ ఉంది.

[స్క్రీన్ మీద: పెద్దవాళ్లకు 900 డాలర్లు, పిల్లలకు 450]

ఇవి 2024కి, ఏడాది పొడవునా ఇన్సూరెన్స్ లేకపోతే పడే మొత్తాలు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి 2,700. లేదంటే ఫైలింగ్ పరిమితి (అంటే ట్యాక్స్ రిటర్న్ తప్పనిసరయ్యే ఆదాయం) దాటిన ఆదాయంలో 2.5 శాతం. రెండింటిలో ఏది ఎక్కువైతే అది, ఇన్సూరెన్స్ లేని నెలలకు లెక్కగట్టి వేస్తారు. దీనికి గరిష్ఠ పరిమితి కూడా ఉందిలెండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. కానీ 12 నెలల్లో కనీసం 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉండాలి, లేదా ఆ పన్ను ఏడాదంతా వేరే దేశంలో స్థిరంగా నివసించాలి. ఐదు నెలలు ఉండొచ్చేవాళ్లకు ఇది అందదు.

మనకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది, జాగ్రత్తగా వినండి. ఇన్సూరెన్స్ లేని గ్యాప్ వరుసగా 3 నెలలు మించకపోతే కాలిఫోర్నియా పెనాల్టీ వేయదు. నాలుగో నెల కూడా లేకపోతే మాత్రం మొత్తం నాలుగు నెలలకూ వేస్తుంది! నెలలో ఒక్కరోజు కవరేజీ ఉన్నా ఆ నెల ఉన్నట్టే లెక్క. అందుకే ఉద్యోగంలో ఆఖరి రోజు జూన్ 30 కాకుండా జులై 1 అయ్యేలా మేనేజర్‌ని అడిగి చూడండి, ఒక నెల కలిసొస్తుంది. న్యూజెర్సీలో ఇంకా కఠినం, మూడు నెలలు నిండకముందే కవరేజీ మొదలవ్వాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్, ఇండియాలో మామూలుగా కొనే పాలసీ ఇక్కడ లెక్కకు రావు. కోబ్రా, అంటే ఉద్యోగం మానేశాక కూడా పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే మన డబ్బుతో కొనసాగించుకోవడం, లెక్కకు వస్తుంది. దాన్ని ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంటుంది, పాత కవరేజీ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. ఐదు నెలల్లో మొదటి రెండు నెలలు కోబ్రా కడితే గ్యాప్ మూడే అవుతుంది. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి ఖర్చు ఎక్కువే, ఒక్కోసారి పెనాల్టీయే తక్కువ పడొచ్చు. రెండూ పక్కపక్కన వేసి చూసుకోండి. ఇంట్లో గర్భిణులో, షుగర్ పేషెంట్లో ఉంటే మాత్రం, తిరిగొచ్చిన మొదటి రోజు నుంచే కవరేజీ ఉండేలా ముందే చూసుకోండి. అమెరికాలో ఒక్క ఎమర్జెన్సీ బిల్లు ముందు ఈ పెనాల్టీ ఏపాటిది?

ఇంకో విషయం, గ్యాప్ మినహాయింపు దానంతటదే రాదు. కాలిఫోర్నియా ట్యాక్స్ రిటర్న్‌తో పాటు 3853 ఫామ్ జతచేసి, ఇంట్లో ఒక్కొక్కరికీ ఏ నెలలకు మినహాయింపు కావాలో అందులో కోడ్ వేయాలి.