సూదికి ముందు అడిగే ప్రశ్నలు
(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

మీ కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఆక్యుపంక్చర్ గురించి కాసేపు చెప్పండి సార్, మావాళ్లందరికీ మోకాళ్లే" అన్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే దారిలో ఒక కొండకు మోకాళ్ల పర్వతం అని పేరున్న ఊరు మనది. కాబట్టి మోకాళ్ల దగ్గరికి తప్పకుండా వస్తాను. ఆక్యుపంక్చర్ అంటే సన్నటి సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం కాబట్టి ముందు సూది సంగతి తేల్చేద్దాం. సగం మందిని ఆపేది ఆ భయమే.

ఇంజెక్షన్ సూది మందు పోవడానికి బోలుగా ఉంటుంది. మా సూదికి రంధ్రం లేదు, అందులో మందూ లేదు. మామూలుగా వాడేది పావు మిల్లీమీటరు మందం. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. ఆ తర్వాత లోపల బరువుగానో, తిమ్మిరిగానో అనిపిస్తుంది. చైనా వైద్యులు దాన్ని 'తెచీ' అంటారు. అది వస్తేనే సూది సరిగా పడినట్టని వాళ్ల లెక్క. తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో కదలకుండా పడుకోవాలి. అంతసేపు ఎట్లా సార్ అని గొడవపెట్టినవాళ్లే ఐదు నిమిషాల్లో గురక పెడతారు.

ఇక సిద్ధాంతం. ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో తిరుగుతుందని చైనా వైద్యం చెబుతుంది. ప్రధానమైనవి పన్నెండు, ఒంటికి ముందూ వెనకా నడిమధ్యన ఇంకో రెండు. వాటి మీద 361 బిందువులు. యిన్, యాంగ్ అనే రెండు గుణాలు తూకం తప్పితే జబ్బు, తూకానికి వస్తే ఆరోగ్యం. ఒళ్లు వేడి చేసిందని మజ్జిగ తాగించే ఇళ్లలో పెరిగాం కాబట్టి ఈ ఆలోచన మనకు కొత్తగా అనిపించదు. అయితే శరీరం కోసి చూస్తే ఆ దారులు కనబడవు. అవి నరాలూ కావు, రక్తనాళాలూ కావు. పాత వైద్యులు తమ అనుభవాన్ని గుర్తుపెట్టుకోవడానికి గీసుకున్న పటం అని నేననుకుంటాను. పటం పనికొస్తుంది, అంతవరకే.

ఇక్కడికి రాగానే సభలో ఎవరో ఒకరు లేస్తారు. "ఇది మనదే కదా సార్, మన మర్మాలే చైనాకు పోయాయి" అంటారు. సుశ్రుతుడు 107 మర్మాలు, అంటే ఒంట్లోని ఆయువుపట్లు, చెప్పిన మాట నిజమే. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోవచ్చు, అవిటితనం రావచ్చు, శస్త్రం వేసేటప్పుడు వాటిని తప్పించమన్నాడు. గుచ్చమని చెప్పలేదు. మనకు గొప్పలు చాలానే ఉన్నాయి, పక్కవాడివి తెచ్చుకోనక్కర్లేదు.

మనకూ చైనాకూ ఈ విషయంలో ఉన్న అసలు చుట్టరికం వేరే. 1938లో జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకు కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే పనిచేస్తూ 1942లో, 32 ఏళ్లకే కన్నుమూశారు. ఆ ఐదుగురిలో ఇంకొకరు కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఆయన 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఈ వైద్యం నేర్చుకొచ్చి ఇక్కడ మొదలుపెట్టారు. అమెరికాకు తెలిసింది ఇంకా ఆలస్యంగా, 1971లో. జేమ్స్ రెస్టన్ అనే పాత్రికేయుడికి పెకింగ్‌లో, అంటే ఇప్పటి బీజింగ్‌లో, అపెండిక్స్ ఆపరేషన్ అయింది. సూదులతోనే మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది తప్పు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే జరిగింది. తర్వాత కడుపు ఉబ్బరించి బాధపడుతుంటే సూదులు పెట్టారు. సూదులు అంతకుమించి చేసినట్టు ఆయనా రాయలేదు.

సూదితో పాటు సెగ పెట్టడం కూడా ఉంది. దానికి వాడే ఎండుటాకు మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రుల్లో ముందు వేసేది. ఆ ఆకును నలిపి చుట్టగా చుట్టి, వెలిగించి, చర్మానికి తగలకుండా కాస్త దూరంలో పట్టుకుంటారు. మన పల్లెల్లో కామెర్లకు కాల్చి పెట్టే వాతలతో దీన్ని కలపొద్దు. అది శిక్ష, వైద్యం కాదు.

ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. మా దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లకు సూది పెట్టడానికి ముందు చాలాసేపు మాట్లాడతాం. నిద్ర ఎన్నింటికి పడుతుంది, ఎన్నింటికి తెలివొస్తుంది? ఆకలి ఎట్లా ఉంది, విరేచనం సాఫీగా అవుతోందా? పాదాలు చల్లబడతాయా? ఇంట్లో ఎవరెవరున్నారు? నాలుక చూస్తాం, రెండు చేతుల నాడీ చూస్తాం. ఒకావిడ తలనొప్పితో వచ్చింది. స్కానింగులన్నీ నార్మల్. అడుగుతూ పోతే తేలిందేమిటంటే, మనవళ్లను స్కూలుకు పంపే హడావుడిలో పదకొండు దాకా కాఫీ తప్ప ఏమీ తినదు. రాత్రి విదేశంలో ఉన్న కూతురి ఫోన్ కోసం పన్నెండు దాకా మేలుకుంటుంది. చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, పాదాల మీద సూదులు పెట్టాను. తొమ్మిదిలోపు రెండు ఇడ్లీలైనా తినమన్నాను. నొప్పి తగ్గింది. సూది వల్ల ఎంత, ఇడ్లీ వల్ల ఎంత అని విడదీసి చెప్పమంటే చెప్పలేను. సంపూర్ణ వైద్యం అని బోర్డుల మీద రాసేదానికి నాకు తెలిసిన రూపం ఇదే. మనిషిని మొత్తంగా విచారించడం. అన్ని జబ్బులూ నయం చేస్తామని దానికి అర్థం చెప్పేవాళ్లను నమ్మకండి.

పరిశోధనలు ఏమంటున్నాయో కూడా వినండి. సూది పెడితే శరీరం ఎండార్ఫిన్లనే సొంత నొప్పిమందును వదులుతుందని 1970ల్లోనే తేలింది. జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, సరైన బిందువుల్లో సూదులు పెట్టినవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కానిచోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2. మందులు, వ్యాయామాల మామూలు వైద్యంలో 27.4. మావాళ్లు మొదటి అంకె, చివరి అంకె చెప్పి మధ్యది మింగేస్తారు. నాకు మాత్రం మధ్యదే ముఖ్యం. బిందువు వెంట్రుకవాసి తప్పకూడదని మేం చేసే హంగామా అంత అవసరం లేదని అది చెబుతోంది. పడుకోబెట్టి, ఒంటి మీద చెయ్యి వేసి, వారానికి రెండుసార్లు పలకరించడంలోనే చాలా పని జరుగుతున్నట్టుంది. నాకు అందులో చిన్నతనమేమీ కనబడదు.

తరచూ వచ్చే మైగ్రేన్, టెన్షన్ తలనొప్పులకు ఐదు నుంచి ఎనిమిది వారాల్లో పది సిట్టింగుల దాకా ప్రయత్నించవచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు 2012లో చెప్పాయి. ఆపరేషన్ తర్వాత, కీమో తర్వాత వచ్చే వికారానికి మణికట్టు లోపలివైపు బిందువు పనికొస్తుందని 1997లోనే అమెరికా నిపుణుల సభ ఒప్పుకుంది. మరి మోకాలి అరుగుదల? అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019లో ప్రయత్నించి చూడొచ్చంది. బ్రిటన్ 2022లో వద్దంది. నేనైతే నడక, తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం ముందు పెడతాను. నొప్పి వల్ల అవి చేయలేకపోతుంటే, చేసేంత ఊరట కోసం సూది.

షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రలు సూది పేరు చెప్పి ఆపొద్దు. గుండెలో నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా మా దగ్గరికి రావద్దు, తిన్నగా స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో వెళ్లండి. ఎముక విరిగితే ఎక్స్‌రే తీయించండి, పుత్తూరు కట్టు మీద ఎంత గురి ఉన్నా సరే.

కేంద్రం 2003లో దీన్ని చికిత్సా పద్ధతిగానే అనుమతించింది, 2019లో ప్రత్యేక వైద్యవిధానంగా గుర్తించింది. అయినా నాలుగు వారాల క్లాసులు విని బోర్డు తగిలించుకునేవాళ్లు ఉన్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడగడానికి మొహమాటపడకండి. సూది ప్యాకెట్ మీ కళ్లముందు చించాలి, వాడిన సూది మీ కళ్లముందే పారేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. కోడలో కూతురో గర్భంతో ఉంటే అదీ చెప్పాలి, కొన్ని బిందువులు అప్పుడు ముట్టుకోం. ఛాతీ మీద, భుజం మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగానైనా ఉంది. ఇరవై సిట్టింగులకు ముందే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. ఆరు సిట్టింగులైనా ఏ మార్పూ లేకపోతే నా దగ్గరైనా మానేయండి.

ఇప్పుడు అందరూ కుడిచెయ్యి మోకాలి మీద పెట్టండి. చిప్ప కింది అంచు నుంచి నాలుగు వేళ్లు కిందికి, ముందరి ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి. నొక్కితే సన్నగా నొప్పి ఉంటుంది. జపాన్‌లో కాలినడకన యాత్రకు బయల్దేరేవాళ్లు ఇక్కడే సెగ పెట్టుకునేవారు. బొటనవేలితో ఒక్క నిమిషం నొక్కి పట్టండి. సరైన చోటు దొరకనివాళ్లు చెయ్యెత్తండి, మీ దగ్గరికే వస్తాను.