రచ్చకెక్కిన మాట

శ్రోతలకు నమస్కారం. మన అనంతపురం పల్లెల్లో వేపచెట్టు మొదట్లోనో రావిచెట్టు మొదట్లోనో బండలు పరిచి కట్టిన అరుగును రచ్చకట్ట అంటారు. సాయంకాలం నలుగురు చేరి వానల సంగతీ చెనక్కాయల ధరా మాట్లాడుకునే ఆ చోటి పేరు, ‘రచ్చకెక్కడం’, ‘రచ్చకీడ్చడం’ అన్న మాటల్లో శిక్ష పేరుగా ఎలా మారిందో ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

సంస్కృతంలో రథ్య అంటే రథం నడిచే వీధి. అది ప్రాకృతంలో రచ్ఛా అయి, తెలుగులో రచ్చగా స్థిరపడింది. మాట పుట్టుకలో అవమానమేమీ లేదు. ఉన్నదల్లా నలుగురూ నడిచే బాట, నలుగురూ చూసే చోటు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతలోనైతే రచ్చ గౌరవస్థానమే. అయితే ఊరి తగవులు తీరేదీ అక్కడే కనుక, తప్పు చేశాడన్నవాణ్ణి నిలబెట్టేదీ అక్కడే అయింది. జరిమానా చెల్లించడాన్ని ‘తప్పు కట్టడం’ అనేవారు. కట్టిన తప్పు అంతటితో తీరిపోతుంది గాని, రచ్చలో నిలబడిన మనిషిని చూసిన కళ్లకు ఏ రొక్కమూ చెల్లదు.

ఆ కళ్లతోనే పనిచేసే సాధనం బొండకొయ్య. రెండు బరువైన దుంగల నడుమ కాళ్లు పట్టేటట్లు తొలిచిన రంధ్రాల్లో మనిషి కాళ్లు బిగించి కదలనీయకుండా కూర్చోబెట్టేవారు. 1800లో నిజాం ఇంగ్లీషువారికి వదులుకున్న మన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశారు. తరువాత ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ కృషి ఫలితంగా వెలువడిన 1816 నాటి మద్రాసు నిబంధనల్లో, 11వది గ్రామాధికారికి చిన్నపాటి శిక్షాధికారాన్ని ఇచ్చింది. తిట్లు, స్వల్పమైన కొట్లాటల వంటి వాటికి దోషిని 12 గంటలకు మించకుండా చావడిలో నిర్బంధించవచ్చు. తక్కువ కులాలవారైతే 6 గంటలకు మించకుండా బొండలో వేయవచ్చు. అది హీనపరిచే శిక్ష అని ఆ నిబంధనే ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, అటువంటి శిక్ష కొందరికి తగనిది, కొందరికి తగినది అని గీత గీసింది. గంటలు సగమే అయినా బొండనే బరువైన శిక్షగా ఎంచారంటే, చావడిలో దోషికీ ఊరికీ నడుమ గోడ ఉండటమే కారణమని నాకు తోస్తుంది. పరువు కొందరి సొత్తేనన్న ఊరి నమ్మకాన్ని దొరల చట్టం అక్షరాల్లో పెట్టింది, అంతే.

సున్నపుబొట్లు పెట్టి గాడిదపై ఊరేగించడమూ ఈ కోవలోనిదే. షెడ్యూల్డు కులాల, తెగలవారి ముఖానికి రంగు పూసి ఊరేగించడాన్ని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం నేరమని ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చిందంటే, రచ్చ ఎంత కాలం నడిచిందో ఊహించుకోవచ్చు. బడిలో పిల్లలను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్ని కూడా 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది.

ఆ చట్టం రాకముందు నేనొక పల్లె బడిలో అయ్యవారిగా ఉండేవాణ్ణి. లెక్కలు చేయని పిల్లవాణ్ణొకణ్ణి, బెత్తం ఎందుకులే అని జాలి చూపినట్లుగా అనుకుంటూ, వీధి కనిపించే వసారాలో నిలబడమన్నాను. వాడు గడప దాటకుండా చేయి చాచి, “లోపలే కొట్టండి సార్, మా యమ్మ ఈ దోవనే కూలికి పోతాది” అన్నాడు.