అంబాసిడర్ హెడ్‌లైట్లకు ఎల్ఈడీ బల్బులు అమర్చే పద్ధతి

నమస్కారం. ఈ వీడియోలో హిందుస్థాన్ అంబాసిడర్ హెడ్‌లైట్లలోని హాలోజన్ బల్బులు తీసి, వాటి స్థానంలో ఎల్ఈడీ బల్బులు ఎలా అమర్చాలో చూద్దాం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా ఆధారంగా రూపొంది, బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 వరకు తయారైన ఈ కారుకు ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లు ఉంటాయి. అదే కొలత గల హెడ్‌లైట్లు ఉన్న ఇతర పాత కార్లకు కూడా ఈ పద్ధతి చాలావరకు వర్తిస్తుంది.

బల్బులు కొనే ముందు వైరింగును పరీక్షించండి. ఇంజన్ నడుస్తుండగా లైట్లు వేసి, మల్టీమీటరుతో మొదట బ్యాటరీ దగ్గర, తరువాత హెడ్‌లైట్ హోల్డరు దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులు ఉండి హోల్డరు దగ్గర 11.9 వోల్టులే కనిపిస్తే, తగ్గినది పది శాతమే అయినా హాలోజన్ బల్బు వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. రెండు లైట్ల కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా, అక్కడి నుంచి పాత మోడళ్లలో క్లచ్ పెడల్ పక్కన కాలితో నొక్కే డిప్పర్ గుండా, ఏళ్ల నాటి సన్నటి వైర్ల గుండా వెళ్లవలసి రావడమే దీనికి కారణం. అందుకే డిప్పుకు (దగ్గరి రోడ్డు మీదికి వాలే వెలుగుకు) ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చిలు, పెట్టించమని నేను గట్టిగా చెబుతాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు రిలే 30వ పిన్నుకు, బల్బుకు వెళ్లే వైరు 87కు, పాత హెడ్‌లైట్ వైరు 86కు, ఎర్త్ 85కు కలపాలి. ఎర్త్ వైరు బిగించే చోట పెయింటు గీకి, కింద రేకు మెరిసేలా శుభ్రం చేయండి. ఈ పని ఒక్కటి చేయించుకున్న తరువాత హాలోజన్ వెలుగే సరిపోతుందనిపిస్తే, అక్కడితో ఆగిపోవడం మంచి నిర్ణయమే.

ఎల్ఈడీ వల్ల కలిగే అసలు లాభం కరెంటు ఆదా. డిప్పులో 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండూ కలిసి సుమారు తొమ్మిది ఆంపియర్లు తీసుకుంటాయి. 25 వాట్ల ఎల్ఈడీలు రెండు నాలుగు ఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి. ఆల్టర్నేటరుకు బదులు డైనమో ఉన్న పాత కారులో, అందులోనూ వానలో వైపర్లు తిరుగుతున్నప్పుడు, ఈ తేడా బ్యాటరీకి పెద్ద ఊరట.

ఇప్పుడు బల్బు ఎంపిక. ఇక్కడ దయచేసి తొందరపడకండి. డిప్పుకు, హై బీమ్‌కు వేర్వేరు ఫిలమెంట్లు ఒకే బల్బులో ఉండే రకాన్ని హెచ్-4 అంటారు. ఈ హెచ్-4 హాలోజన్ బల్బులో డిప్పు ఫిలమెంటు కింద దొప్ప లాంటి చిన్న రేకు ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును ఆపి, రిఫ్లెక్టరు పై సగానికి మాత్రమే వెలుగు చేరనిస్తుంది. పై సగం నుంచి పరావర్తనం చెందిన వెలుగు రోడ్డు మీదికి వాలుతుంది, ఎదుటివారి కళ్లలోకి పోదు. ఎల్ఈడీ బల్బులో వెలుగునిచ్చే చిన్న చిప్పులు సరిగ్గా ఫిలమెంటు ఉన్న చోటనే ఉండాలి, డిప్పు చిప్పుల కింద అలాంటి రేకు ఉండాలి, చిప్పులు అతికించిన పలక వీలైనంత పలుచగా ఉండాలి. చుట్టూ నాలుగు వైపులా చిప్పులు పరిచిన బల్బులు ఎంత ప్రకాశంగా ఉన్నా కొనవద్దు. పెట్టె మీద రాసే ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకెను నమ్మవద్దు. రంగు విషయంలో 6,000 కెల్విన్‌ల నీలి తెలుపు కంటే 4,300 కెల్విన్‌ల దగ్గరి వెలుగు కంటికి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. సీల్డ్ బీమ్ (ఫిలమెంటు, రిఫ్లెక్టరు, అద్దం విడదీయలేని ఒకే ముక్కగా ఉండే హెడ్‌లైట్) ఉన్న కారులో విడిగా బల్బు మార్చడం కుదరదు కనుక, ఏడంగుళాల హెచ్-4 యూనిట్ మొత్తం వేయించాలి. అమెరికా నుంచి బంధువుల చేత యూనిట్ తెప్పించుకోవాలనుకునేవారు ఒక్క విషయం గమనించాలి: అక్కడి డిప్పు వెలుగు కుడివైపు లేస్తుంది, మన రోడ్ల మీద ఎదురుగా వచ్చేవారు ఉండేది ఆ వైపే.

కొన్ని పాత కార్లలో బ్యాటరీ పాజిటివ్ తీగను బాడీకి కలుపుతారు. మీ కారు అలాంటిదైతే మామూలు ఎల్ఈడీ వెలగదు, బల్బు లోహపు ఒడలు రిఫ్లెక్టరుకు తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. పాజిటివ్ ఎర్త్‌కు పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన బల్బునే వాడండి.

బిగించే ముందు బ్యాటరీ ఎర్త్ తీగ విప్పండి. క్రోమ్ రింగు కింది అంచున ఉన్న స్క్రూను గాని క్లిప్పును గాని విప్పి రింగు తీయండి. లోపలి రింగును పట్టి ఉంచే చిన్న స్క్రూలు మాత్రమే వదులు చేయండి, స్ప్రింగుతో ఉండే రెండు అడ్జస్టింగ్ స్క్రూలను ముట్టుకోవద్దు. రిఫ్లెక్టరు వెండి పూత మసకబారి ఉంటే ఏ బల్బు వేసినా ఫలితం ఉండదు, యూనిట్ మార్చండి. కొత్త బల్బును హోల్డరులో పెట్టినప్పుడు చిప్పులు కచ్చితంగా ఎడమకు, కుడికి చూస్తుండాలి, రేకు కిందికి ఉండాలి. వెనుక ఫ్యానుకు గాలి ఆడేంత ఖాళీ ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. ఇరుకులో వేడెక్కితే ఎల్ఈడీ వెలుగు తగ్గిపోతుంది, ఆయుష్షూ తగ్గుతుంది.

తరువాతి పరీక్ష గోడ మీద. చదునైన నేలపై కారును గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టండి. ముందు ఒకవైపే ఎల్ఈడీ వేసి, రెండో వైపు హాలోజన్ ఉంచి డిప్పు వేయండి. హాలోజన్ వైపు గోడ మీద కత్తితో కోసినట్టు ఒక గీత కనిపిస్తుంది: కుడివైపు సమంగా ఉండి, ఎడమవైపు పైకి లేస్తుంది. ఎల్ఈడీ వైపు కూడా అదే ఆకారం రావాలి. గీత చెదిరి, దాని పైన తెల్లటి మసక వెలుగు వ్యాపిస్తుంటే బల్బును కొద్దిగా తిప్పి చూడండి. అప్పటికీ సర్దుకోకపోతే ఆ బల్బును తిరిగి ఇచ్చేయండి, ఎందుకంటే ఎదురుగా బైకు మీద వచ్చే మనిషికి ఆ మసక వెలుగులో రోడ్డు కనిపించదు. ఆకారం కుదిరితే రెండో వైపు కూడా మార్చి, ఇప్పుడు అడ్జస్టింగ్ స్క్రూలతో గీతను హెడ్‌లైట్ మధ్య బిందువు ఎత్తు కంటే ఐదు సెంటీమీటర్లు కిందికి దించండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 తయారీదారు నిర్దేశానికి భిన్నమైన మార్పులను అనుమతించదు కాబట్టి, రోడ్డెక్కే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తీసిన హాలోజన్ బల్బులను గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకోండి. పిన్నులు అవే కనుక, రాత్రి దారిలో ఎల్ఈడీ ఆగిపోతే స్క్రూడ్రైవరు ఒక్కటి ఉన్నా వాటిని తిరిగి వేసుకుని ఇల్లు చేరవచ్చు.