బూజు పట్టిన బియ్యం నుంచి బెల్లం షోచు దాకా: జపాన్ మందు రకాలు

నమస్కారం. ముందు ఈ గిన్నెలోకి చూడండి, కెమెరా దగ్గరగా పెడుతున్నాను. ఆవిరి మీద ఉడికించిన బియ్యం, ప్రతి గింజ మీదా తెల్లగా నూగులా పట్టిన బూజు. మన ఇళ్లలో అన్నానికి ఇలా పడితే పారబోస్తాం. జపాన్‌లో కావాలనే పట్టిస్తారు. దీని పేరు కోజి. కోజితో మద్యం తయారుచేసే విద్యను 2024 డిసెంబరులో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బియ్యాన్ని పులియబెట్టి చేసే సాకే ఒక్కదాన్నే కాదు, కాచి దించే షోచు, అవమోరి, వంటల్లో పోసే మిరిన్, అన్నిటినీ కలిపి.

జపాన్ మందు అనగానే మనవాళ్లు సాకే అంటారు, లేదంటే విస్కీ అంటారు. నన్నడిగితే ఈ బూజును పట్టుకుని ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లాలి. చలి ప్రాంతాల్లో ఒక రకం కోజి, వేడి ప్రాంతాల్లో ఇంకో రకం. దాన్ని బట్టే సీసాలో సరుకు మారిపోతుంది.

అసలు బూజు ఎందుకు? మన తాటికల్లుకు ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. చెట్టు నుంచి దిగే రసంలోనే చక్కెర ఉంటుంది, ఈస్ట్ దాన్ని పట్టుకుని పొద్దెక్కేసరికి పులిపించేస్తుంది. బియ్యంలో ఉన్నది పిండి. ఈస్ట్ పిండిని ముట్టుకోదు. ఆ పిండిని విరగ్గొట్టి చక్కెరగా మార్చి పెట్టేది కోజి. సాకే తొట్టెలో ఈ రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి: ఒక పక్క కోజి చక్కెర చేస్తుంటే, ఇంకో పక్క ఈస్ట్ దాన్ని ఆల్కహాల్‌గా మారుస్తూ ఉంటుంది. అందుకే కాచకుండా, కేవలం పులియబెట్టే 20 శాతం దాకా వెళ్తారు. తర్వాత నీళ్లు కలిపి 15, 16 శాతానికి దించుతారు. బీరు 5 శాతం దగ్గర ఉంటుందని గుర్తుపెట్టుకుంటే, చిన్న కప్పుల్లో ఎందుకు తాగుతారో తెలుస్తుంది.

కోజి గది చూడదగ్గది. బయట మంచు పడుతుంటుంది, లోపల 30 డిగ్రీలు దాటిన వేడి, ఉక్కపోత. ఉడికిన బియ్యాన్ని బల్ల మీద పలచగా పరిచి, సన్నని జల్లెడ లాంటి మూత ఉన్న డబ్బాతో బూజు విత్తనాన్ని పైనుంచి చల్లుతారు. పొగలాగా దిగుతుంది. దాదాపు రెండు రోజుల పాటు రాత్రి కూడా లేచి కలుపుతూ, వేడి చూసుకుంటూ ఉండాలి. తయారైన గింజ ఒకటి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. పిండి చక్కెరగా మారడం అక్కడే నాలుకకు తెలిసిపోతుంది.

ఇక బియ్యం. తినే బియ్యానికి పాలిష్ పడితే పదో వంతు పోతుంది. సాకేకి అలా కాదు. గింజ పైపొరల్లో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, అవి రుచిని బరువెక్కిస్తాయి. అందుకని గింజను అరగదీస్తారు. 60 శాతమో అంతకన్నా తక్కువో మిగిలితే గింజో, సగమో అంతకన్నా తక్కువో మిగిలితే దైగింజో. పోయిన పిండి వృథా కాదు, బిస్కెట్లకీ స్వీట్లకీ వెళ్తుంది. సీసా మీద జున్‌మై అని ఉంటే బియ్యం, కోజి, నీళ్లు తప్ప విడిగా ఆల్కహాల్ కలపలేదని అర్థం. దైగింజో ఖరీదు కాబట్టి అదే గొప్పదని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. దైగింజో చల్లగా తాగితే పండ్ల వాసన వస్తుంది, బాగుంటుంది. భోజనంతో మాత్రం మామూలు జున్‌మైని 40 డిగ్రీలకు వెచ్చబెట్టి తాగితే బియ్యం రుచి విచ్చుకుంటుంది.

నీళ్ల సంగతి కూడా ఒక్క మాట. కోబె దగ్గర నాదాలో నీళ్లు ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లు. 1840లో అక్కడి మియామిజు ఊటబావుల గొప్పతనం బయటపడ్డాక ఊరి దశ తిరిగింది. క్యోతోలోని ఫుషిమిలో నీళ్లు అంతకన్నా మెత్తన, అక్కడి సాకే కూడా అలాగే నెమ్మదిగా ఉంటుంది.

ఇప్పుడు దక్షిణానికి, క్యూషూ దీవికి వెళ్దాం. ఇక్కడ ఎండలు ఎక్కువ, పులిసే ఊట ఊరికే పాడైపోతుంది. అందుకే ఇక్కడి వాళ్లు పులియబెట్టి ఆగరు, కాస్తారు. అదే షోచు. ఎక్కువగా 25 శాతం దగ్గర ఉంటుంది. కగోషిమాలోని ఒక మందిరం చెక్క మీద 1559లో ఇద్దరు వడ్రంగులు రాసిపెట్టిన మాటలు దొరికాయి: ఇక్కడి పూజారి ఎంత పిసినారంటే, ఒక్కసారి కూడా మాకు షోచు పోయించలేదు, ఏమిటీ కర్మ, అని. షోచు ప్రస్తావన ఉన్న వాటిలో పాతదిగా దీన్నే చూపిస్తారు. కూలితో పాటు మందు పోయించడం అప్పటికే అక్కడ మామూలే అన్నమాట.

కగోషిమా నేల అగ్నిపర్వతపు బూడిద, నీరు నిలవదు, వరి పండించడం కష్టం. 18వ శతాబ్దం మొదట్లో వచ్చిన చిలగడదుంప ఆ నేలను పట్టుకుంది. అప్పటి నుంచి అక్కడి షోచు దుంప షోచు. పక్కనే కుమా లోయలో బియ్యం షోచు, ఇకి దీవిలో బార్లీ షోచు. దుంప షోచు తాగే పద్ధతి చూపిస్తాను. గ్లాసులో ముందు వేడినీళ్లు పోయాలి, షోచు తర్వాత. చల్లని షోచు కిందికి దిగుతుంది, వేడినీళ్లు పైకి లేస్తాయి, చెంచా అక్కర్లేకుండా కలిసిపోతాయి. ఇదిగో, ఉడికించిన దుంప వాసన గుప్పుమంది.

ఇంకా దక్షిణంగా అమామి దీవులు. మన వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మందు ఇక్కడుంది: బెల్లం షోచు. చెరకు రసం కాచి చేసే నల్లబెల్లమే దీని ముడిసరుకు. కగోషిమాను ఏలిన సత్సుమా ప్రభువుల కాలంలో ఈ దీవుల వాళ్ల చేత చెరకు వేయించి, బెల్లమంతా పన్ను కింద లాక్కునేవారు. పండించినవాడికి నాలుక మీద పెట్టుకోవడానికి కూడా దక్కేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దీవులు అమెరికా పాలనలోకి పోయాయి. బియ్యానికి కరువు, బెల్లం మాత్రం ఉంది. దాంతోనే మందు కాచుకున్నారు. 1953 డిసెంబరు 25న దీవులు జపాన్‌కి తిరిగొచ్చాయి. చక్కెరతో కాచినదాన్ని రమ్ముగా లెక్కేసి పెద్ద పన్ను వేస్తే అక్కడి వాళ్లు బతకలేరు. అందుకని బియ్యం కోజి కలపాలన్న షరతుతో దీన్ని షోచుగా ఒప్పుకున్నారు. ఈ అనుమతి ఇప్పటికీ అమామికి మాత్రమే.

మన దగ్గర నల్లబెల్లం ఊట అంటే నాటుసారా, ఎక్సైజ్ దాడులు. అదే బెల్లం అక్కడ చట్టం అండతో ఊళ్లకు ఊళ్లకే జీవనాధారమైంది. ఈ తేడా నన్ను చాలా ఆలోచింపజేస్తుంది. రుచికి వస్తే, బెల్లం పాకం వాసన నిండుగా ఉంటుంది, తీపి అసలుండదు. కాచినప్పుడు చక్కెర ఆవిరితో పైకి రాదు కదా.

చివరి మజిలీ ఒకినావా, అక్కడి మందు అవమోరి. ఇక్కడ కోజి నల్లగా ఉంటుంది, నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని బాగా పుట్టిస్తుంది. ఆ పులుపే వేడిలో ఊటను కుళ్లిపోకుండా కాపాడుతుంది. బియ్యం థాయ్‌లాండ్ నుంచి వచ్చే పొడుగు గింజ. మట్టి జాడీలో మూడేళ్లు, అంతకు పైన ఉంచితే కూసు అంటారు. పాత జాడీలోంచి ఎంత తీస్తారో అంతా దానికన్నా కాస్త చిన్న వయసు జాడీలోంచి నింపుతారు, దాన్ని ఇంకా చిన్నదాంతో. ఇలా తరాల తరబడి నడిచిన వందేళ్లు దాటిన జాడీలు 1945 ఒకినావా యుద్ధంలో నాశనమయ్యాయి. డబ్బు పెట్టి కొనలేని కాలం అది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

విస్కీ గురించి ఇంటర్నెట్ నిండా ఉంది కాబట్టి క్లుప్తంగా: 1923లో తొరీ షింజిరో యమజాకి డిస్టిలరీకి పునాది వేశారు, స్కాట్లాండ్‌లో పని నేర్చుకొచ్చిన తకెత్సురు మసతక 1934లో హొక్కైదోలోని యోయిచికి వెళ్లి సొంతంగా మొదలుపెట్టారు. వేసవి మొదట్లో ఇళ్లలో ఉమె అనే పుల్లటి పచ్చి కాయల్ని పటికబెల్లంతో షోచులో నానబెట్టే ఉమెషు కూడా ఉంది, తీపి ఇష్టపడేవాళ్లు దాంతో మొదలుపెట్టండి. జపాన్‌లో తాగడానికి 20 ఏళ్లు నిండాలి.

ఇక తెచ్చుకోవడం. ఇండియాకి డ్యూటీ లేకుండా మనిషికి రెండు లీటర్లు. సాకే సీసాలు ఎక్కువగా 720 మిల్లీలీటర్లు, కాబట్టి మూడోది కొంటే లెక్క దాటుతుంది. నామా అని రాసి ఉన్న పచ్చి సాకే జోలికి పోకండి, ఫ్రిజ్ లేకపోతే దారిలోనే పాడవుతుంది. రెండే సీసాలంటే నేను ఒక జున్‌మై, ఒక అమామి బెల్లం షోచు తీసుకుంటాను.