ఐపాప్ట్ బిల్డ్ రివ్యూ: సాల్వర్ బంగారమే, లింకింగ్ దగ్గరే అసలు పని

నమస్తే అండి. ఈ రోజు ఐపాప్ట్ అనే ఆప్టిమైజేషన్ లైబ్రరీ గురించి, దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేసి మన ప్రోగ్రాంకి లింక్ చేయడం (కలపడం) గురించి. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో ఐ-పీ-ఆప్ట్ అని పలకమని రాశారు, మనం మాత్రం అలవాటుగా ఐపాప్ట్ అనుకుందాం.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. ఈ బిల్డ్‌కి వాడిన మినీ పీసీని విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపువాళ్ళు వాడి చూడమని ఇచ్చారు, డబ్బులేమీ తీసుకోలేదు. పోర్టులు, ర్యామ్, ధర మీరు వేరేచోట్ల చూసే ఉంటారు. మిషన్ బాగుంది, ఎనిమిది కోర్ల మీద కంపైల్ చకచకా అయిపోతుంది. ఇక దాన్ని పక్కన పెడదాం. ఇందులో మనం బిల్డ్ చేసిన లైబ్రరీ గురించే చెప్పాల్సింది చాలా ఉంది.

ఐపాప్ట్ అంటే నాన్‌లీనియర్ ఆప్టిమైజేషన్‌కి, అంటే షరతులు దాటకుండా ఖర్చు లాంటిదాన్ని వీలైనంత తగ్గించే లెక్కలకి, ఇంటీరియర్ పాయింట్ పద్ధతిలో పనిచేసే సాల్వర్. వేఖ్టర్, బీగ్లర్ 2006లో ప్రచురించిన పేపర్ దీనికి మూలం. సోర్స్ కాయిన్-ఓఆర్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఉచితంగా దొరుకుతుంది. అల్గారిదమ్ జోలికి ఇంతకంటే పోను.

దీంట్లో నాకు బాగా నచ్చింది స్పార్సిటీ, అంటే చాలావరకు సున్నాలే ఉండే పట్టికలో సున్నా కానివాటినే పట్టుకోవడం. మన గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీనే తీసుకోండి. గంట గంటకీ కంప్రెసర్ ఎంత నడపాలి, లోపల ఉష్ణోగ్రత హద్దు దాటకుండా కరెంటు ఖర్చు ఎలా తగ్గించాలి, ఇదీ లెక్క. 24 గంటలకి 24 ఉష్ణోగ్రతలు, 24 కంప్రెసర్ లోడ్లు, మొత్తం 48 వేరియబుల్స్. ఒక్కో గంటకి ఒక సమీకరణం చొప్పున 24 ఈక్వాలిటీ కన్‌స్ట్రెయింట్లు. ఈ సమీకరణాల డెరివేటివ్‌ల పట్టికనే జాకోబియన్ అంటారు, అందులో 24 వరసలు, 48 నిలువులు, మొత్తం 1,152 గడులుంటాయి. కానీ ఒక్కో సమీకరణంలో ఉండేవి మూడే: ఈ గంట ఉష్ణోగ్రత, ఈ గంట లోడ్, వచ్చే గంట ఉష్ణోగ్రత. మొదటి ఉష్ణోగ్రత మనకి ముందే తెలుసు కాబట్టి మొదటి సమీకరణంలో రెండే. అంటే సున్నా కానివి 71. రన్ చేయగానే ఐపాప్ట్ పైన వేసే లెక్కల్లో చూడండి, ఈక్వాలిటీ కన్‌స్ట్రెయింట్ జాకోబియన్ నాన్‌జీరోలు అన్న చోట సరిగ్గా 71 ఉంటుంది. అక్కడ వేరే అంకె కనిపిస్తే మీరిచ్చిన స్ట్రక్చర్ (సున్నా కానివి ఏ గడుల్లో ఉన్నాయో చెప్పే జాబితా) తప్పు, ముందుకి పోవద్దు.

ఇదే లెక్కని నెల రోజులకి, పావుగంట చొప్పున వేస్తే 2,880 సమీకరణాలు, 5,760 వేరియబుల్స్ అవుతాయి. గడులన్నీ నింపి పెడితే 1,65,88,800 అంకెలు, డబుల్ ప్రెసిషన్‌లో (అంకెకి 8 బైట్లు) 13 కోట్ల బైట్లు దాటుతుంది. సున్నా కానివి మాత్రం 8,639 మాత్రమే! ఐపాప్ట్ ఆ 8,639నే పట్టుకుని పనిచేస్తుంది.

ఇంతకుముందు చాలామంది వాడింది ఎన్‌ఎల్ఆప్ట్ అనే ఇంకో ఆప్టిమైజేషన్ లైబ్రరీ. ఎంఐటీలో స్టీవెన్ జాన్సన్ రాసింది. సీమేక్, మేక్ అనే రెండు బిల్డ్ కమాండ్లు, అంతే, పది నిమిషాల్లో చేతికొస్తుంది. ఫోర్ట్రాన్ (పాత ప్రోగ్రామింగ్ భాష) గొడవే ఉండదు. 48 వేరియబుల్స్‌కి అందులోని ఎస్ఎల్ఎస్‌క్యూపీ అనే పద్ధతి హాయిగా సరిపోతుంది. కానీ అది సున్నాలతో సహా గడులన్నీ పట్టుకునే డెన్స్ మేట్రిక్స్ పద్ధతి, సమయం వేరియబుల్స్ సంఖ్య ఘనంలా పెరుగుతుంది. నెల రోజుల లెక్క దాంతో అయ్యే పని కాదు.

సరే, బిల్డ్. ఐపాప్ట్ ఒంటరిగా ఏమీ చేయలేదు. ప్రతి ఇటరేషన్‌లోనూ ఒక పెద్ద స్పార్స్ లీనియర్ సిస్టమ్ సాల్వ్ చేయాలి, ఆ పని వేరే లైబ్రరీది. అలాంటివాటిలో మంప్స్ అనేది ఉచితం. హెచ్ఎస్ఎల్ అనే ఇంకో సేకరణలోని ఎంఏ27, ఎంఏ57 కావాలంటే లైసెన్స్ తీసుకోవాలి, చదువుకునేవాళ్ళకి అది ఉచితంగానే ఇస్తారు. మనం మంప్స్‌తో వెళ్దాం.

ముందు జీసీసీ, జీ ప్లస్ ప్లస్, జీఫోర్ట్రాన్, గిట్, ప్యాచ్, డబ్ల్యూగెట్, పీకేజీ-కాన్ఫిగ్, లాప్యాక్ డెవ్, మెటిస్ డెవ్ ఇన్‌స్టాల్ చేయండి. జీఫోర్ట్రాన్ ఎందుకంటే మంప్స్ ఫోర్ట్రాన్‌లో రాసింది. లాప్యాక్, దాని కింద ఉండే బ్లాస్ మేట్రిక్స్ లెక్కల లైబ్రరీలు, మెటిస్ మేట్రిక్స్ వరసలు సర్దేది, పీకేజీ-కాన్ఫిగ్ ఏ లైబ్రరీ ఎక్కడుందో చెప్పేది. తర్వాత కాయిన్-ఓఆర్ వాళ్ళ థర్డ్‌పార్టీ-మంప్స్ రిపోని క్లోన్ చేసి, లోపలున్న గెట్ డాట్ మంప్స్ స్క్రిప్ట్ నడపండి. అసలు సోర్స్ అప్పుడే దిగుతుంది. ఈ స్క్రిప్ట్ మర్చిపోయి నేరుగా కాన్ఫిగర్ కొట్టేవాళ్ళు చాలామంది. ఆపైన కాన్ఫిగర్, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్. ఇప్పుడు ఐపాప్ట్ రిపోని కూడా క్లోన్ చేసి, ఆ ఫోల్డర్‌లో బిల్డ్ అని ఇంకో ఫోల్డర్ పెట్టి, దాంట్లోంచి కాన్ఫిగర్, మేక్, మేక్ టెస్ట్, ఇన్‌స్టాల్. మేక్ టెస్ట్ మాత్రం ఎగ్గొట్టకండి.

మంప్స్‌ని మామూలు చోట కాకుండా మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటే, అక్కడి లిబ్ లోపలి పీకేజీకాన్ఫిగ్ ఫోల్డర్‌ని పీకేజీ-కాన్ఫిగ్ పాత్‌లో పెట్టాలి. లేకపోతే ఐపాప్ట్ కాన్ఫిగర్‌కి మంప్స్ కనపడదు.

ఇక నన్ను నిజంగా విసిగించే చోటుకొచ్చాం. ప్రోగ్రాం రాసి లింక్ చేయగానే, అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్, డీపీఓటీఆర్ఎఫ్ అండర్‌స్కోర్ అని ఎర్రర్ వస్తుంది, అంటే ఆ పేరున్న ఫంక్షన్ దొరకలేదని. చివర ఆ అండర్‌స్కోర్ చూశారా? అది ఫోర్ట్రాన్ పేరు అని గుర్తు. అంటే లోపం మీ కోడ్‌లో లేదు, లాప్యాక్ అందలేదంతే. స్టాటిక్ లైబ్రరీలతో (ప్రోగ్రాం ఫైల్లోనే కలిసిపోయేవి) ఇది మరీ ఎక్కువ. లింకర్, అంటే ఈ ముక్కల్ని కలిపే ప్రోగ్రాం, కమాండ్‌ని ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. విజయవాడలో ఎక్కిన గుంటూరు బస్సు మంగళగిరి దాటాక వెనక్కి రాదు కదా, ఇదీ అంతే. లాప్యాక్ దగ్గరికొచ్చేసరికి దాన్ని ఎవరూ అడిగి ఉండకపోతే అందులోంచి ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోతుంది. కాబట్టి అడిగేవాళ్ళు ముందు, ఇచ్చేవాళ్ళు వెనక: మీ ఆబ్జెక్ట్ ఫైలు, ఐపాప్ట్, మంప్స్, మెటిస్, లాప్యాక్, బ్లాస్, జీఫోర్ట్రాన్, ఎం (గణిత లైబ్రరీ). ఉబుంటులో షేర్డ్ లైబ్రరీలకి (రన్ చేసేటప్పుడు తెచ్చుకునేవి) కూడా వరస ముఖ్యమే, ఎందుకంటే అక్కడ యాజ్-నీడెడ్, అంటే అప్పటికి అవసరం పడని లైబ్రరీని వదిలేసే ఆప్షన్, డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది.

ఈ వరస చేత్తో రాయకండి. పీకేజీ-కాన్ఫిగ్‌ని సీఫ్లాగ్స్, లిబ్స్ అని అడిగితే అదే ఇస్తుంది. స్టాటిక్ అయితే స్టాటిక్ అన్న ఫ్లాగ్ కూడా ఇవ్వండి. సీమేక్ వాడేవాళ్ళు పీకేజీ చెక్ మాడ్యూల్స్‌తో, ఇంపోర్టెడ్ టార్గెట్ పెట్టి తెచ్చుకోండి. పాత్‌లు చేత్తో రాస్తే ఒక వెర్షన్ హెడర్, ఇంకో వెర్షన్ లైబ్రరీ కలిసిపోతాయి. పాత వెర్షన్లలో హెడర్లు కాయిన్ ఫోల్డర్‌లో, కొత్తవాటిలో కాయిన్-ఓఆర్ ఫోల్డర్‌లో ఉంటాయి. కోండా (సొంత లైబ్రరీ కాపీలు పెట్టుకునే ప్యాకేజీ టూల్) ఎన్విరాన్‌మెంట్ ఆన్ చేసి బిల్డ్ చేసేవాళ్ళు ఇక్కడే పడిపోతారు.

లింక్ అయింది, రన్ చేస్తే లిబ్ఐపాప్ట్ డాట్ ఎస్ఓ డాట్ 3 దొరకలేదంటుంది. మామూలు చోట ఇన్‌స్టాల్ చేస్తే సుడో ఎల్‌డీకాన్ఫిగ్ ఒక్కసారి చాలు. సొంత ఫోల్డర్ అయితే ఆర్‌పాత్ పెట్టండి, అంటే లైబ్రరీ ఎక్కడుందో ప్రోగ్రాం ఫైల్లోనే రాసి పెట్టడం. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పరీక్షకి పర్వాలేదు, ఇంకొకరికి ఇచ్చే ప్రోగ్రాంకి వద్దు.

బ్లాస్ విషయం. మామూలు బ్లాస్ బదులు ఎక్కువ థ్రెడ్లు వాడే ఓపెన్‌బ్లాస్ పెడితే ఎప్పుడూ వేగమే అనుకోవద్దు. మన కోల్డ్ స్టోరేజీ మేట్రిక్స్‌లో బ్లాకులు చాలా చిన్నవి, ఎనిమిది థ్రెడ్లు లేపడానికే సమయం పోతుంది. ఓపెన్‌బ్లాస్ నమ్ థ్రెడ్స్ 1 అని పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి రన్ చేసి చూసుకోండి.

మొదటి రన్‌లో, మీరిచ్చిన డెరివేటివ్‌లు సరైనవో కాదో చూసే డెరివేటివ్ టెస్ట్‌ని ఫస్ట్-ఆర్డర్‌లో పెట్టండి. గ్రేడియంట్ తప్పుంటే ఆ లైను పక్కన నక్షత్రం గుర్తు వేసి చూపిస్తుంది. కన్వర్జ్ కావట్లేదని సాల్వర్‌ని తిట్టేముందు ఇది చేయాలి. ఇంత మంచి సదుపాయం ఎన్‌ఎల్ఆప్ట్‌లో లేదు. నా దృష్టిలో దీనికోసమే ఆ లింకింగ్ తలనొప్పి మొత్తం భరించవచ్చు.

నా తీర్పు అడిగితే, వంద వేరియబుల్స్ లోపు పనైతే ఎన్‌ఎల్ఆప్ట్‌తో ఆగిపోండి. షెడ్యూలింగ్, కంట్రోల్ లాంటి పొడుగాటి లెక్కలకి కళ్ళు మూసుకుని ఐపాప్ట్ తీసుకోండి. తొందరలో ఉంటే ఉబుంటు రెడీమేడ్ ప్యాకేజీ కాయిన్ఓఆర్-లిబ్ఐపాప్ట్-డెవ్ ఉంది, దాంతో మొదలుపెట్టి తర్వాత సోర్స్‌కి రండి.

ఎర్రర్ వస్తే కామెంట్లో రెండు పెట్టండి: ఐపాప్ట్ మొదట వేసే వెర్షన్ లైను, దాంట్లో ఏ లీనియర్ సాల్వర్‌తో నడుస్తోందో రాసి ఉంటుంది, రెండోది మీ ప్రోగ్రాం మీద ఎల్‌డీడీ (ఏ షేర్డ్ లైబ్రరీ ఎక్కడ దొరికిందో చూపే కమాండ్) కొడితే వచ్చే అవుట్‌పుట్. పని చేయట్లేదు అని మాత్రమే రాస్తే నేనూ ఏమీ చెప్పలేనండి.